బంధం పాఠం చెప్పేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

ఎర్రగుంట్లలో ఫిజికల్ సైన్స్ టీచరుగా చేరావని, రసాయన బంధం పాఠమంటే కొంచెం టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నాకు తోచింది రాస్తున్నా.

"బంధంలో శక్తి దాగుంటుంది, తెగితే బయటికొస్తుంది" అని పిల్లలు ట్యూషన్లలో బట్టీ పట్టి వస్తారు. ముందు ఆ మాట మాన్పించు. అతుక్కున్న రెండు అయస్కాంతాలను విడదీయమను, ఎంత గట్టిగా లాగాలో వేళ్ళకే తెలుస్తుంది. వదిలితే టక్కున వచ్చి కొట్టుకుంటాయి. బంధమూ అంతే, తెంచాలంటే శక్తి పెట్టాలి, ఏర్పడితే శక్తి వస్తుంది. బోర్డు మీద లెక్క వేయించు. రెండు మోల్‌ల హైడ్రోజన్ బంధాలు తెంచడానికి 872 కిలోజౌళ్ళు, ఒక మోల్ ఆక్సిజన్‌కు 498, మొత్తం 1370. నీటి ఆవిరిలో కొత్త బంధాలు ఏర్పడితే వచ్చేది 1852. మిగులు 482, అదే మంట. తీసివేత పిల్లలతోనే చేయించు.

అక్కడి నుంచి కరెంటుకు ఎలా వచ్చామన్నది చాలామంది సార్లు దాటేస్తారు. నువ్వు దాటొద్దు. జింకు, మైలుతుత్తం (అదే కాపర్ సల్ఫేటు) ఉంటే చాలు. మైలుతుత్తానికి ల్యాబ్ గ్రాంటు దాకా ఆగనక్కర్లేదు, చీనీ తోటలకు బోర్డో మిశ్రమం కొట్టే రైతులు కొనే పురుగుమందుల అంగడిలోనే దొరుకుతుంది. విషం కాబట్టి చేతులు కడిగించు, మిగిలింది కాలువలో పోయనీయకు.

ఒక గ్లాసులో నీలం ద్రావణం పోసి జింకు పొడి వేయి. థర్మామీటరులో గీత పైకి పాకుతుంది, నీలం వెలిసిపోతుంది, అడుగున ఎర్రమట్టి రంగులో రాగి చేరుతుంది. తర్వాత అదే పనిని రెండు గ్లాసుల్లో పెట్టు. జింకు సల్ఫేటులో జింకు పలక, మైలుతుత్తంలో రాగి పలక, మధ్యన పొటాషియం నైట్రేటులో తడిపిన వడపోత కాగితం. మల్టీమీటరు 1.1 వోల్టుల దగ్గర నిలుస్తుంది. 1836లో డేనియల్ చేసిన సెల్ ఇదే. మొదటి గ్లాసులో జింకు వదిలిన ఎలక్ట్రాన్లు అక్కడికక్కడే రాగి అయాన్లకు చేరాయి, శక్తంతా వేడిగా పోయింది. రెండోసారి వాటికి తీగ తప్ప దారి లేదు. ఆ దారిలో మనం అడ్డం నిలబడి పని చేయించుకుంటాం.

మరి ఆ శక్తి ఎక్కడిది? పిల్లలెవరూ అడగకపోతే నువ్వే అడుగు, ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. జింకులో పరమాణువుల పట్టు వదులు. ఒక మోల్‌ను విడదీయడానికి సుమారు 130 కిలోజౌళ్ళు చాలు. రాగికి 338 కావాలి. ఎలక్ట్రాన్లు పీకడానికయ్యే ఖర్చు, అయాన్ల చుట్టూ నీళ్ళు చేరితే వచ్చే రాబడి రెండు లోహాలకూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, కాబట్టి ఆ పద్దు చెల్లుకు చెల్లు. వదులు బంధం పోయి గట్టి బంధం వచ్చినందుకు మిగిలింది 208. ఇప్పుడు ఆ సెల్ మోల్‌కు ఇవ్వగల విద్యుత్తు ఎంతో లెక్క కట్టించు, 212 వస్తుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి కాసేపు ఏమీ మాట్లాడకు.

మీ పిల్లలకు ఆర్టీపీపీ, అదే రాయలసీమ థర్మల్ కరెంటు కేంద్రం, పొగగొట్టాలు రోజూ కనబడేవే కదా. అక్కడా బొగ్గు, ఆక్సిజన్ బంధాల లెక్కే, కానీ ముందు వేడి, తర్వాత ఆవిరి, తర్వాత టర్బైన్. చివరికి కరెంటుగా దక్కేది బొగ్గు శక్తిలో మూడోవంతు అటూ ఇటూ. సెల్‌లో ఆ వేడి మజిలీ లేదు.

ఇంకో మాట. ఒక్క సెల్‌తో ఎల్‌ఈడీ వెలగదు, పిల్లలు నీరుగారిపోతారు. ఎర్ర ఎల్‌ఈడీకే దాదాపు 1.8 వోల్టులు కావాలి. మూడు సెల్‌లు వరుసగా కలిపి, ముందురోజు నువ్వొక్కదానివే ఒకసారి చేసి చూసుకో. జింకు పొడి దొరక్కపోతే కబురు పెట్టు, నా దగ్గర ఒక డబ్బా ఉంది, ప్రొద్దుటూరు బస్సులో పంపిస్తా.

మీ మామ