హోమ్ గేటు లోపలికి వెళ్లే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, "అత్తా, నా వార్డులో పిల్లల హోమ్ ఒకటి ఉందట, కార్పొరేటర్‌గా దాన్ని నేను పట్టించుకోవచ్చా, నాకు అధికారం ఉందా" అని అడిగావు. అప్పుడు మాట దాటేశాను. ఫోన్‌లో తేలే విషయం కాదది, అందుకే కాగితం మీద పెడుతున్నాను. పిల్లల హోమ్‌లు చూసే శాఖలో పని చేసి రిటైరయ్యాను, ఆ తర్వాత కూడా కమిటీల పనిమీద హోమ్‌లు తిరిగాను. నాకు తెలిసింది నీకు పనికొస్తే చాలు.

ముందుగా ఒక మాట. మన విశాఖ కార్పొరేషన్, అదే జీవీఎంసీలో 98 వార్డులు. కాలవల గురించి, రోడ్ల గురించి, మంచినీళ్ల గురించి లేచి అడిగేవాళ్లు కౌన్సిల్లో చాలామంది ఉంటారు. హోమ్ పిల్లల గురించి అడిగేవాళ్లు ఉండరు. ఆ పిల్లలకు ఓటు లేదు. వాళ్ల తల్లిదండ్రులు ఉన్నా, వాళ్ల ఓటు నీ వార్డులో ఉండదు. నువ్వు అడగాలనుకున్నావు చూడు, అది విని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

అధికారం సంగతి. హోమ్‌ను తనిఖీ చేసే అధికారం నీకు లేదు, ఆ భ్రమ పెట్టుకోకు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, అంటే బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లా ఇన్‌స్పెక్షన్ కమిటీ మూడు నెలలకోసారైనా ప్రతి హోమ్‌కూ వెళ్లాలి. ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్లాలి, వాళ్లలో ఒక మహిళ, ఒక డాక్టరు తప్పనిసరి. చూసి వచ్చిన వారం లోపల రిపోర్టు ఇవ్వాలి. పిల్లల్ని హోమ్‌లో పెట్టాలా, ఇంటికి పంపాలా అన్నది తేల్చేది చైల్డ్ వెల్ఫేర్ కమిటీ, అంటే సీడబ్ల్యూసీ. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. వాళ్లూ నెలకు రెండుసార్లైనా హోమ్‌లకు వెళ్లి చూడాలి. 2021 సవరణ తర్వాత వీటన్నిటికీ పెద్ద కలెక్టరే. సీడబ్ల్యూసీ పని ఎలా ఉందో మూడు నెలలకోసారి ఆయన సమీక్షించాలి.

మరి నీకేం మిగిలింది? అడగడం మిగిలింది. ఇన్‌స్పెక్షన్ కమిటీ పోయిన మూడు నెలల్లో వచ్చిందా? ఏ తేదీన? రిపోర్టులో రాసిన లోపాల్లో ఎన్ని సరిచేశారు? ఈ మూడు ప్రశ్నలు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి, మన భాషలో డీసీపీయూకి, ఉత్తరం రాసి అడుగు. నోటి మాటగా అడగకు. కార్పొరేటర్ లెటర్‌హెడ్ మీద వచ్చిన ఉత్తరానికి ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది. నంబరు పడిన కాగితానికి ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పాలి. పిల్లల రక్షణకు కేంద్రం పెట్టిన పథకం మిషన్ వాత్సల్య నిబంధనల్లో కూడా, మున్సిపాలిటీల్లో మహిళలు, పిల్లల విషయాలు చూసే కమిటీలకు బాలల రక్షణ పని అప్పగించవచ్చని ఉంది. మన కౌన్సిల్లో ఆ పని ఎవరికి అప్పగించారో కనుక్కో. ఎవరికీ అప్పగించలేదంటే, నీ మొదటి తీర్మానం అదే కావాలి.

ఇక హోమ్‌కు వెళ్లే సంగతి. ముందు సీడబ్ల్యూసీకి, డీసీపీయూకి చెప్పి, అనుమతి తీసుకునే వెళ్లు. వెంట అనుచరులు వద్దు, ఫొటోగ్రాఫర్ అసలే వద్దు. నీ పుట్టినరోజుకు అక్కడ కేక్ కొయ్యకు తల్లీ. మన ఊళ్లో ఇదొక అలవాటైపోయింది. నాయకుడి పుట్టినరోజు, ఎవరి పెళ్లిరోజో, ఎవరి తద్దినమో, బిర్యానీ పొట్లాలు పట్టుకుని వస్తారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి పాట పాడిస్తారు. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే, నేను కాదనను. కానీ తొమ్మిదేళ్ల పిల్ల వారంలో మూడుసార్లు ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు చేతులు కట్టుకుని థాంక్యూ చెప్పాల్సి వస్తే దాని మనసు ఏమవుతుందో ఆలోచించు. పైగా పిల్లల గుర్తింపు తెలిసేలా ఫొటో కానీ, పేరు కానీ బయటపెట్టడం అదే చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండు లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ. నీ వాట్సాప్ గ్రూపులో నీ మనిషి పెట్టినా ఆ మాట నీకే వస్తుంది.

వెళ్లాక ఏం చూడాలి? తనిఖీ ఉందని ముందే తెలిసిన రోజు ఏ హోమ్‌కు వెళ్లినా గేటు దగ్గరే ఫినాయిల్ వాసన వస్తుంది. గోడలు కడిగి ఉంటాయి, దుప్పట్లు కొత్తవి పరిచి ఉంటాయి. అవి చూసి మోసపోకు. స్నానాల గది దగ్గర సబ్బు చూడు. ఒక హోమ్‌లో నేను చూశాను, ఒక సబ్బును దారంతో కోసి నాలుగు ముక్కలు చేశారు. ముక్క అగ్గిపెట్టె కంటే చిన్నది. దాన్ని నలుగురు పిల్లలు పంచుకోవాలి. రిజిస్టర్‌లో మాత్రం నెలకు ఒక్కొక్కరికి ఒక సబ్బు ఇచ్చినట్టు, పిల్లలు సంతకాలు పెట్టినట్టు ఉంది. అన్ని సంతకాలూ ఒకే చేతిరాత. సబ్బు సంగతి చిన్నదే అనిపిస్తుంది. సబ్బులో చెయ్యి పెట్టినవాడు పప్పులోనూ పెడతాడు, పాలలోనూ పెడతాడు.

గుమ్మం దగ్గర చెప్పుల జతలు లెక్కపెట్టు. పిల్లలు ఎంతమందో, చెప్పులు ఎన్నో. రాత్రి పూట ఎంతమంది స్టాఫ్ ఉంటారో అడుగు, అందులో ఆడవాళ్లు ఎందరో అడుగు. పడుకునే చోటు 25 మందికి వెయ్యి చదరపు అడుగులు ఉండాలని రూల్స్ చెబుతాయి. కొలవాల్సిన పని లేదు, మంచాల మధ్య నువ్వు నడవగలవా చూడు, చాలు. మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ ఉందా చూడు. ఆడపిల్లల హోమ్ అయితే ఆ గడియే అన్నిటికంటే ముఖ్యం.

పిల్లల కమిటీ ఉందా అని అడుగు. ఆరేళ్లు దాటిన పిల్లలున్న ప్రతి హోమ్‌లో అది ఉండాలి. మినిట్స్ పుస్తకం తెప్పించుకో. ప్రతి నెలా "పిల్లలు సంతృప్తి వ్యక్తం చేశారు" అని రాసి ఉంటే అది పెద్దవాళ్లు రాసిన పుస్తకం. నిజంగా పిల్లలే మాట్లాడి ఉంటే ఫ్యాన్ తిరగడం లేదనో, ఆదివారం కూర బాలేదనో, ఫలానా అక్క కొడుతోందనో ఉంటుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, నువ్వు చెయ్యకూడదని. చాలా ఏళ్ల కిందటి మాట. ఒక హోమ్‌కు మూడుసార్లు వెళ్లాను. ఫైళ్లు చక్కగా ఉన్నాయి, వంటగది శుభ్రం, పిల్లలు బొద్దుగా ఉన్నారు. మూడుసార్లూ "సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాను. నాలుగోసారి వెళ్లినప్పుడు పెరట్లో తీగ మీద బట్టలు ఆరేస్తున్న పదేళ్ల పిల్లతో ఊరికే మాట కలిపాను. "మీ అమ్మ ఏం చేస్తుందే" అంటే, తల తిప్పకుండా, "హార్బర్లో రొయ్యలు ఒలుస్తుంది" అంది. లోపలికి వెళ్లి ఫైలు తీశాను. "తల్లి ఆచూకీ తెలియదు" అని ఉంది. పిల్ల ఫొటో ఆరేళ్లప్పటిది, ఆ తర్వాత మార్చినవాళ్లు లేరు.

వాకబు చేస్తే తేలింది. ఆ తల్లి ఫిషింగ్ హార్బర్ దగ్గర రోజు కూలి. నాలుగేళ్లుగా వీలైనప్పుడల్లా గేటు దాకా వస్తూనే ఉంది. చూడనిచ్చేది రెండో శనివారం మాత్రమే. శనివారం ఆమెకు పని. ఆదివారం వస్తే వాచ్‌మన్ వెళ్లిపొమ్మనేవాడు. ఆధార్ కార్డు తెమ్మనేవాడు, ఆమె దగ్గర లేదు. లోపల ఉన్నవాళ్లకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు, ఒకవేళ చెప్పినా ఫైలు తెరిచి రాసినవాళ్లు లేరు. సీడబ్ల్యూసీ ముందు పెట్టి ఆ పిల్లను ఇంటికి పంపడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. తల్లి చెయ్యి పట్టుకుని గేటు దాటుతూ ఆ పిల్ల ఆమెను "ఆంటీ" అని పిలిచింది. నేను పక్కనే ఉన్నాను. మూడు రిపోర్టుల మీద నా సంతకం ఉంది.

అందుకే చెబుతున్నాను. గోడలు, దుప్పట్లు, సబ్బు అన్నీ చూడు, కానీ ఒక్క ప్రశ్న మాత్రం ఎప్పుడూ వదలకు. ఈ బిడ్డ ఇక్కడ ఎందుకు ఉంది, ఎప్పుడు ఇంటికి వెళ్తుంది? పేరు వద్దు, ఫైలు వద్దు, అవి గోప్యం. సంఖ్యలు అడుగు. ఎంతమందికి తల్లి కానీ, తండ్రి కానీ, అమ్మమ్మ కానీ ఉన్నారు? రెండేళ్లు దాటినవాళ్లు ఎందరు? ప్రతి పిల్లకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉందా, దాన్ని ఆఖరుసారి ఎప్పుడు తిరగరాశారు? హోమ్‌లో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాకే అని చట్టం మొదట్లోనే, 3వ సెక్షన్‌లోనే రాశారు. హోమ్‌ల్లో ఉన్న పిల్లలందరూ అనాథలని ఊరంతా అనుకుంటుంది. నేను చూసినవాళ్లలో చాలామందికి ఎవరో ఒకరు ఉన్నారు. పేదరికం వల్ల దూరమయ్యారు, అంతే.

దానికి స్పాన్సర్‌షిప్ ఉంది, అంటే పిల్ల ఇంట్లోనే పెరిగేలా ఇచ్చే సాయం. మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు. భర్త పోయిన, వదిలేసిన తల్లుల పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే అనాథలకు ఇస్తారు. పట్నంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. నీ వార్డు బస్తీల్లో ఇలాంటి తల్లులు ఎంతమంది ఉన్నారో సచివాలయంలోని మహిళా పోలీసుకు, అంగన్‌వాడీ టీచర్లకు తెలుస్తుంది. వాళ్లతో కూర్చుని జాబితా రాయించి డీసీపీయూకి పంపు. ఒక పిల్ల హోమ్ గేటు దాకా రాకుండా ఆపగలిగితే, హోమ్‌కు వంద బిర్యానీలు పంచినదానికంటే పెద్ద పని.

ఏజెన్సీ పిల్లల, అంటే గిరిజన ప్రాంతాల పిల్లల సంగతి విడిగా అడుగు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన పిల్లలు మన ఊరి హోమ్‌ల్లో కనిపిస్తూనే ఉంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక వాళ్ల ఊళ్లు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అంటే పిల్ల ఒక జిల్లాలో, ఇల్లు ఇంకో జిల్లాలో. ఫైలు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతుంది, కబురు అడవి దాటదు. ఆ పిల్లలతో వాళ్ల భాషలో మాట్లాడేవాళ్లు హోమ్‌లో ఒక్కరైనా ఉన్నారా అని కూడా అడుగు.

నీ కార్పొరేషన్ చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి, వాటికి తనిఖీ అధికారం అక్కర్లేదు. జనన ధ్రువీకరణ పత్రాలు. హోమ్ పిల్లల్లో చాలామందికి అది ఉండదు, అది లేక ఆధార్ దగ్గర, స్కూలు దగ్గర, స్కాలర్‌షిప్ దగ్గర ఆగిపోతారు. పుట్టి ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, ఒక్కో పిల్లకు ఒక్కోసారి తిప్పుతారు. నువ్వు అందరివీ కలిపి ఒకేరోజు పెట్టించగలవు. మున్సిపల్ స్కూల్లో సీట్లు, అర్బన్ హెల్త్ సెంటర్ నుంచి నెలకోసారి డాక్టరు, హోమ్ ముందు వీధి దీపం, కాలవ పూడిక. ఇవన్నీ నీవే.

పద్దెనిమిదేళ్లు నిండే పిల్లల గురించి కూడా ఆలోచించు. చాలా చోట్ల ఆ రోజు ట్రంకు పెట్టె చేతికిచ్చి పంపేస్తారు. 21 ఏళ్లు వచ్చేదాకా ఆఫ్టర్ కేర్, అంటే హోమ్ వదిలాక నిలదొక్కుకునే సాయం, ఇవ్వవచ్చని చట్టంలో ఉంది. పదహారేళ్లకే ప్లాను మొదలుపెట్టించు. కంచరపాలెం ఐటీఐ మన ఊళ్లోనే ఉంది. అక్కడ చేరడానికి కావలసిన సర్టిఫికెట్లు ఆ పిల్లల దగ్గర ఉన్నాయా అన్నదే మొదటి ప్రశ్న.

ఒక్క విషయం మాత్రం భయపెట్టడానికే చెబుతున్నాను. 2018లో బిహార్‌లోని ముజఫర్‌పూర్ హోమ్ సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అక్కడి ఆడపిల్లల మీద జరిగిన ఘోరం బయటపడింది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్లు హోమ్‌లు తిరిగి చేసిన సోషల్ ఆడిట్ వల్ల. ఆ హోమ్ చూడాల్సిన అధికారులకు కొదవ లేదు. 2020లో ఢిల్లీ కోర్టు దోషులుగా తేల్చిన 19 మందిలో పిల్లల రక్షణ అధికారి, సీడబ్ల్యూసీ వాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి ఏ పిల్లయినా నీతో ఏదైనా చెబితే, లేదా చెప్పబోయి ఆగిపోతే, అక్కడ ఏమీ అనకు. గట్టిగా అడగకు, హోమ్ వాళ్లను పిలిచి నిలదీయకు. బయటకు వచ్చి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, అదే రోజు కలెక్టర్‌కు రాతపూర్వకంగా పంపు. నువ్వు వెళ్లిపోయాక రాత్రికి ఆ పిల్ల అక్కడే పడుకోవాలని మర్చిపోకు.

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లలకు కౌన్సిలర్లు అందరూ కలిసి తల్లిదండ్రుల లెక్క అని ఒక ట్రైనింగ్‌లో చెప్పారు. కార్పొరేట్ పేరెంటింగ్ అంటారట, 2017లో దాని సూత్రాలను చట్టంలోనే రాసుకున్నారు. అక్కడ ప్రతి హోమ్‌కూ నెలకోసారి బయటి మనిషి ఒకరు వెళ్లి పిల్లలతో మాట్లాడి రిపోర్టు రాస్తారు. మన చట్టంలో ఆ మాట లేదు. కానీ నిన్ను గెలిపించిన వార్డులో ఆ పిల్లలు ఉంటున్నారు, ఆ మాట మనసులో పెట్టుకుంటే ఎవరు కాదంటారు?

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు వెళ్లి ఆ మూడు ప్రశ్నల ఉత్తరం ఇచ్చిరా. ఆదివారం సాయంత్రం ఇంటికి వస్తే ఇద్దరం కూర్చుని రాద్దాం. వచ్చేటప్పుడు లెటర్‌హెడ్ రెండు కాగితాలు ఎక్కువ తెచ్చుకో, ఒక కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని నీ దగ్గర ఉంచుకోవాలి.

ఇట్లు,
మీ అత్త