స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇది చదువు

అమ్మలూ,

నీ జూమ్ లెన్స్ ఆటోఫోకస్ పట్టడం లేదని, ఆదివారం నువ్వే విప్పి చూస్తానంటున్నావని, స్క్రూడ్రైవర్ల సెట్ కూడా తెప్పించుకున్నావని వదిన ఫోన్‌లో చెప్పింది. లోపల ఏమైందో నీ కళ్లతో చూడాలనుకున్నావు చూడు, అది విని ఎంత గర్వంగా అనిపించిందో! ఫోన్ పెట్టేశాక మాత్రం గుండె గుభేలుమంది. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

ముందు చిన్నచిన్నవి. లెన్స్ పక్కనున్న స్విచ్ ఏఎఫ్ (ఆటోఫోకస్) మీద ఉందో ఎంఎఫ్ (చేత్తో చేసే ఫోకస్) మీద ఉందో చూడు. కెమెరా ఆఫ్ చేసి, లెన్స్ తీసి, రెండు వైపులా ఉన్న బంగారు రంగు కాంటాక్టులను పొడిగా ఉన్న మెత్తటి గుడ్డతో తుడువు. క్లిక్‌మనేదాకా తిప్పి బిగించు. ఫోకస్ చేసే పనిని ఫొటో తీసే బటన్ నుంచి కెమెరా వెనక బటన్‌కు మార్చి మరిచిపోయావేమో చూసుకో. ముందు ఫిల్టర్ ఉంటే తీసెయ్. ఇంకో లెన్స్ పెట్టి చూడు, అదీ పట్టకపోతే తప్పు కెమెరాది.

ఇప్పుడు నేను చెప్పాల్సిన సంగతి. మీ అల్మరాలో మీ నాన్న 70-200 లెన్స్ ఉంది కదా. దాని ఆటోఫోకస్ పోయిందని నీకు తెలుసు. ఎలా పోయిందో ఎవరూ చెప్పి ఉండరు. దాన్ని పాడుచేసింది నేనే.

అప్పటికి నువ్వు పుట్టలేదు. అన్నయ్య చాలాకాలం డబ్బు కూడబెట్టి కొనుక్కున్న లెన్స్ అది. నాలుగు రోజులు వాడుకుని ఇస్తానని తెచ్చుకున్నాను. రెండో రోజు బల్ల మీద ఒక పువ్వు పెట్టి ఫొటో తీయబోతే ఫోకస్ పట్టదు. మోటారు ముందుకీ వెనక్కీ తిరుగుతుంది, ఎక్కడా ఆగదు. ఎన్నిసార్లు నొక్కినా అంతే. అన్నయ్యకు తెలిసేలోపు బాగుచేసేయాలన్న టెన్షన్‌లో, ఇంట్లో ఉన్న మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో వెనక మౌంట్ (లెన్స్ కెమెరాకు బిగిసే లోహపు రింగు) విప్పడం మొదలుపెట్టాను. జపాన్ కెమెరాల స్క్రూల గాడి వేరు, దాన్ని జేఐఎస్ అంటారు. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా కూర్చోదు, జారుతుంది. రెండో స్క్రూ తల అరిగిపోయింది. అక్కడైనా ఆగాల్సింది. ఆగలేదు. బలంగా ఒత్తి తిప్పి ఊడదీశాను. రింగు లేవగానే దాని కింద నుంచి కాగితమంత పలచని లోహపు రేకులు జారి పడ్డాయి. లెన్స్ ఎంత ఎత్తులో, ఎంత సమంగా కూర్చోవాలో తేల్చేవి ఆ రేకులే. ఏది ఎటుపక్క ఉండేదో నేను చూసుకోలేదు. రింగును ఇంకాస్త పైకి లాగాను. చిటుక్కుమంది. లోపల మోటారుకు వెళ్లే ఫ్లెక్స్ కేబుల్, నారింజ రంగు రిబ్బన్ లాంటిది, అంచు నుంచి సగం దాకా చిరిగింది.

వణికే చేతులతో మళ్లీ బిగిస్తుంటే లెన్స్ ఇటు తిరిగింది. అప్పుడు కనబడింది ఫోకస్ లిమిటర్ స్విచ్. 3 మీటర్ల నుంచి ఇన్ఫినిటీ దాకా మాత్రమే వెతుకు అనే చోట ఉంది. సంచిలో పెట్టేటప్పుడు జరిగి ఉంటుంది. నేను నిలబడింది పువ్వుకు 2 మీటర్ల దూరంలో. ఆ లెన్స్‌కు అసలు ఏ జబ్బూ లేదు.

అన్నయ్యకు అంతా చెప్పేశాను. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఆ లెన్స్‌ను చేత్తోనే ఫోకస్ చేసుకుంటూ ఏళ్ల తరబడి వాడాడు. నువ్వు మొదటి అడుగులు వేస్తున్న ఫొటోలో కుడి అంచు మసకగా ఉంటుంది. ఎందుకని నువ్వడిగితే "వెలుతురు అలా పడింది" అన్నాడు మీ నాన్న. వెలుతురు కాదమ్మా, నేను తారుమారు చేసిన రేకులు.

ఇక నీ లెన్స్. పూర్తిగా జూమ్ చేస్తేనే పట్టడం లేదని వదిన చెప్పింది. నీది 3.5-5.6 రకం కదా, లెన్స్ ఎంత వెలుతురు రానిస్తుందో చెప్పే అంకెలవి, అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుంది. జూమ్ ఆ చివరకు వెళ్లేసరికి లోపలికి వచ్చే వెలుతురు రెండున్నర రెట్లు తగ్గుతుంది. గదిలో, రాత్రిపూట, ఉత్త గోడ మీద పరీక్షిస్తే ఏ లెన్సైనా తడుముకుంటుంది. అది రోగం కాదు. పగటి వెలుతురులో పెద్ద అక్షరాలున్న కాగితం నిలబెట్టి, మధ్యలో ఉన్న ఫోకస్ పాయింట్‌తో చూడు. ఒకచోట ఫోకస్ చేసి ఆ తర్వాత జూమ్ మార్చకు. ఫొటోలకు వాడే జూమ్‌లలో చాలావాటికి జూమ్‌తో పాటు ఫోకస్ కూడా జరుగుతుంది, మళ్లీ పట్టాల్సిందే.

ఫోకస్ పట్టినట్టు బీప్‌మని, ఫొటో మాత్రం మెత్తగా వస్తే, అదే సీన్ లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద చూస్తూ, తీసి పోల్చు. అక్కడ పదునుగా వస్తే నీ కెమెరాలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఫోకస్‌ను కాస్త ముందుకో వెనక్కో సర్దే సెట్టింగ్) ఉందేమో వెతుకు. స్క్రూ ముట్టుకోకుండా మెనూలోనే సరిచేసుకోవచ్చు.

వెలుతురు ఎంతున్నా, దూరం ఎంతైనా, జూమ్ రింగు ఒకే చోటికి రాగానే చచ్చి, అటూ ఇటూ కాస్త తిప్పితే బతుకుతోందంటే, అది ఫ్లెక్స్ కేబుల్ అనుకో. జూమ్ చేసినప్పుడల్లా మడతపడి మడతపడి తెగుతుంది. అది బల్ల మీద చేసే పని కాదు, సర్వీస్‌కు ఇచ్చెయ్. మొండికేయకు తల్లీ. ఏఎఫ్‌లో ఉండగా ఫోకస్ రింగును బలవంతంగా కూడా తిప్పకు, కొన్ని లెన్సుల్లో లోపలి గేర్ల పళ్లు విరుగుతాయి.

విప్పడం నేర్చుకోవాలని నిజంగా ఉంటే నా దగ్గర పాడైన 18-55 లెన్స్ ఒకటి ఉంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్లూ ఉన్నాయి. నేనొచ్చినప్పుడు పక్కన కూర్చుంటా, ప్రతి స్క్రూ తీసే ముందు ఫొటో తీసుకుంటూ ఇద్దరం విప్పుదాం.

అంతదాకా ఒక్క పని చెయ్యి. నీ లెన్స్‌కు లిమిటర్ స్విచ్ ఉంటే ఎటువైపు ఉందో చూడు. నువ్వు ఎంత దూరంలో నిలబడి తీశావో టేపుతో కొలువు. కొలిచి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

మీ బాబాయి