మొదటిసారి పీవో డ్యూటీ పడ్డ రమణకు

చిరంజీవి రమణకు పెదనాయన ఆశీస్సులు.

ఎన్నికల్లో పోలింగు బూతుకు పెద్దగా ఉండే ప్రిసైడింగ్ ఆఫీసరు (పీవో) ఆర్డరు చేతికొచ్చినప్పటి నుంచి నీకు నిద్ర పట్టడంలేదని మీ అమ్మ చెప్పింది. డ్యూటీ క్యాన్సిల్ చేయించుకునేదానికి తిరగమాక. భయాన్ని పోలింగు రోజంతటికీ పరచుకుంటున్నావు. నిజానికి తప్పు జరిగేది రెండు మూడు చోట్లే.

ఒకటి మాక్ పోల్, అంటే అసలు పోలింగుకు ముందు మిషన్ సరిగ్గా ఉందో లేదో చూసేదానికి వేయించే ఉత్తుత్తి ఓట్లు. పోలింగు 7 గంటలకైతే 5.30కే మొదలుపెట్టాలి. ఏజెంట్లు రాకపోతే పావుగంట చూసి కానిచ్చెయ్. నోటాతో సహా ప్రతి గుర్తుకూ పడేట్టు కనీసం 50 ఓట్లు వేయించి, ఓట్లు లెక్కగట్టే కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్, రిజల్ట్, క్లియర్ అదే వరసలో నొక్కు. హడావిడిలో చాలామంది మరిచేది క్లియరే. అప్పుడు ఆ 50 ఓట్లూ లోపలే ఉండిపోయి, సాయంత్రం లెక్క ఓటర్ల సంతకాలు తీసుకునే 17ఏ రిజిస్టరుతో కలవదు. ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే వీవీప్యాట్ డబ్బాలో స్లిప్పులు కూడా తీసేసి, టోటల్ సున్నా అని ఏజెంట్లకు చూపించాకే సీలు. రెండోది సాయంత్రం పోలింగు అయ్యాక క్లోజ్ నొక్కడం మరిచిపోవడం. కాగితం మీద పెద్దక్షరాలతో రాసి కంట్రోల్ యూనిట్ పక్కనే అంటించుకో.

వీవీప్యాట్ వెనకున్న నాబ్ నిలువుగా తిప్పితేనే పనిచేస్తుంది. కేబుల్ పీకాలన్నా పెట్టాలన్నా ముందు కంట్రోల్ యూనిట్ ఆపాలి. వీవీప్యాట్ మీద నేరుగా బల్బు వెలుతురు పడనీయకు.

రాత్రి బూతులో ఎట్లాగూ నిద్ర పట్టదు. ఆ టైంలో కవర్ల మీద నియోజకవర్గం, బూతు నంబరు రాసిపెట్టుకుంటే మర్నాడు సగం బరువు దిగుతుంది. వాట్సాప్ మాత్రం తెరవమాక, ఆ ఊళ్లో గొడవ, ఈ ఊళ్లో గొడవ అని గుండె అదరగొడతారు.

ఉదయగిరి వైపు పడితే మే ఎండ సంగతి నీకు తెలిసిందే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, ఒక్కోటి లీటరు నీళ్లలో. పొద్దున టీలతో సరిపెట్టకుండా రెండు ఇడ్లీలైనా తిను. ఒట్టి కడుపుకీ చేతులు వణకడానికీ సంబంధముంది.

ఏజెంట్లు అరుచుకుంటే నువ్వు గొంతు పెంచకు. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు, ఐదుసార్లు. తర్వాత మీ చుట్టుపక్కల బూతులన్నీ చూసుకునే సెక్టార్ ఆఫీసరుకు ఫోన్ చెయ్. ముందురోజుల్లో మరీ గాబరాగా ఉంటే 14416కు ఫోన్ చెయ్, అది మనసు బాగాలేనోళ్లకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, రాత్రిపూటా పలుకుతారు.

మెటీరియల్ అప్పజెప్పి రసీదు జేబులో పెట్టుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. వెంటనే బండెక్కి బయల్దేరమాక. అక్కడే నడుం వాల్చి తెల్లారాక రా.

మీ పెదనాయన