స్నేహితురాలి గది ఉచితమే, దారి కాదు

ప్రశ్న: జూన్ చివరి వారంలో ఆఫీసు పని మీద లండన్ వెళ్తున్నాను. రానుపోను టికెట్, అక్కడి హోటల్ కంపెనీవే. పని అయ్యాక నాలుగు రోజులు సెలవు పెట్టి, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న స్నేహితురాలి దగ్గర ఉండి రావాలని ఉంది. "వచ్చేయ్, నా గదిలోనే ఉండొచ్చు, ఖర్చేం ఉండదు" అంటోంది. 40 వేల రూపాయలు పక్కన పెట్టాను. సరిపోతాయా? మొత్తం పౌండ్లుగా మార్చుకుని వెళ్లాలా? ఆమెకు ఎంతో కొంత ఇవ్వాలా?

జవాబు: మీ 40 వేలు మూడు వందల పైచిలుకు పౌండ్లు. నాలుగు రోజులకు సరిపోతాయి, కానీ రైలు టికెట్ ముందే కొన్నప్పుడు మాత్రమే. మీ ఖర్చంతా ఊళ్లో కన్నా దారిలోనే ఉంది.

సెయింట్ ఆండ్రూస్‌లో రైల్వే స్టేషన్ లేదు. ఉన్నదాన్ని 1969లో మూసేశారు. దగ్గరి స్టేషన్ ల్యూకర్స్, అక్కడి నుంచి బస్సులో వెళ్లాలి. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ల్యూకర్స్‌కి నేరుగా వెళ్లే రైళ్లున్నా ఐదున్నర గంటల పైనే పడుతుంది. బ్రిటన్ రైళ్లలో అడ్వాన్స్ టికెట్లు సాధారణంగా పన్నెండు వారాల ముందు నుంచి దొరుకుతాయి, చవక. కాకపోతే కొన్న రైలే ఎక్కాలి, వద్దనుకుంటే డబ్బు వెనక్కి రాదు. అప్పటికప్పుడు స్టేషన్లో కొంటే మీ 40 వేలలో సగం ఒక్క వైపు టికెట్‌కే పోయినా ఆశ్చర్యం లేదు.

అందుకే నేను మొదట అడిగేది: మళ్లీ లండన్ ఎందుకు రావాలి? లండన్‌లో దిగి, ఎడిన్‌బరోలో విమానం ఎక్కేలా టికెట్ తీసుకోవచ్చు. ల్యూకర్స్ నుంచి ఎడిన్‌బరో రైల్లో గంట దూరమే, పైగా దారిలో 1890 నాటి ఫోర్త్ వంతెన మీదుగా వెళ్తారు. అక్కడి నుంచి గల్ఫ్ మీదుగా మన వైపు విమానాలున్నాయి. టికెట్ ఇంకా బుక్ చేయకపోతే మీ ఆఫీసులో ప్రయాణాలు చూసేవాళ్లను ఈరోజే అడగండి. ధర తేడా ఉంటే "అది నేను కట్టుకుంటాను" అనండి. చాలాసార్లు ఆ తేడా, తిరుగు రైలు టికెట్ కన్నా లండన్‌లో ఇంకో రాత్రి హోటల్ కన్నా తక్కువే ఉంటుంది. టికెట్ తీసేశాక తేదీలు మార్చాలంటే ఆ ఖర్చు వేరు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా అప్పుడే కనుక్కోండి. కంపెనీ తీసుకునే ప్రయాణ బీమా ఆఫీసు పని రోజులకే ఉండొచ్చు. మీ సొంత సెలవు రోజులకు లేకపోతే ఆ నాలుగు రోజులకు విడిగా తీసుకోండి. అక్కడ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మనలాంటి సందర్శకులు బిల్లు కట్టుకోవాల్సిందే. ఈ ఒక్కచోట పిసినారితనం వద్దు.

ఇక గది. ఆమె మాట మీద నాకు అనుమానం లేదు, ఆమె అద్దె ఒప్పందం మీదే ఉంది. విద్యార్థుల వసతి గృహాల్లో అతిథులు ఎన్ని రాత్రులు ఉండొచ్చన్న దానికి నియమాలుంటాయి. పైగా సెయింట్ ఆండ్రూస్ చిన్న ఊరు, అద్దె ఇళ్లకు ఎప్పుడూ కొరతే. మీరు వెళ్లే రోజుల్లోనే, అంటే జూన్ చివర్లో జూలై మొదట్లో, యూనివర్సిటీ స్నాతకోత్సవాలు జరుగుతుంటాయి. తల్లిదండ్రులంతా దిగిపోతారు, హోటల్ గదులు దొరకవు, దొరికినా రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది. కాబట్టి రైలు టికెట్ కొనకముందే "నీ దగ్గర నాలుగు రాత్రులు ఉండటానికి మీ హాస్టల్ వాళ్లో ఇంటి యజమానో ఒప్పుకుంటారా?" అని సూటిగా అడిగేయండి. కుదరకపోతే డండీలో గది చూడండి. 20 కిలోమీటర్లే, బస్సులు తిరుగుతూనే ఉంటాయి.

ఆమెకు డబ్బు ఇవ్వాలా అన్నారు. చేతిలో నోట్లు పెట్టకండి, నొచ్చుకుంటుంది. అలాగని "ఖర్చేం ఉండదు" అన్నమాట నమ్మి ఊరుకోకండి కూడా. స్టూడెంట్ వీసా మీద ఉన్న డిగ్రీ, పీజీ విద్యార్థులు చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. పీహెచ్‌డీ వాళ్లకు వేసవి కూడా చదువు రోజుల కిందే లెక్క. అంటే ఆమె సంపాదనకు ఒక పరిమితి ఉంది. మీరు మిగుల్చుకున్న హోటల్ ఖర్చులో కొంత ఆమె వంటింటి నుంచే పోతుంది. నేనైతే మీ 40 వేలలో ఎనిమిది వేలు ఆమె పేరున విడిగా రాసుకుంటాను. చేరిన రోజే ఇద్దరూ సూపర్ మార్కెట్‌కి వెళ్లి, వారానికి సరిపడా సరుకుల బిల్లు మీరు కట్టండి. ఒక రాత్రి బయట భోజనం మీదే. ఇద్దరూ మొహమాటపడి ప్రతి కాఫీకీ "నేనిస్తా, నేనిస్తా" అనుకునే కన్నా ఇదే హాయి.

ఊళ్లో తిరగడానికి పెద్దగా ఖర్చు లేదు. వెస్ట్ శాండ్స్ బీచ్, పాత రేవు గోడ, 1413లో మొదలైన యూనివర్సిటీ వీధులు, అన్నీ నడిచి చూసేవే. ప్రసిద్ధి చెందిన గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్సులో ఆదివారం మామూలుగా ఆట ఉండదు, ఎవరైనా హాయిగా నడవొచ్చు. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది. సముద్రం మీంచి వచ్చే పొగమంచు మాత్రం వేసవిలోనూ వణికిస్తుంది. గాలిని ఆపే జాకెట్ ఇంటి నుంచే తీసుకెళ్లండి, అక్కడ కొంటే బడ్జెట్‌లో పెద్ద చిల్లు.

అంతా నగదుగా మార్చుకోవడం అనవసరం. ఓ 50 పౌండ్లు చేతిలో ఉంటే చాలు, బస్సుతో సహా దాదాపు ప్రతిచోటా కార్డు తాకిస్తే సరిపోతుంది. అయితే మన క్రెడిట్, డెబిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ ఖర్చుపై 2 నుంచి 3.5 శాతం మార్కప్ (బ్యాంకు వేసే అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ ఉంటాయి. మీ కార్డుకి ఎంతో చూసుకుని, ఎక్కువైతే పౌండ్లు నింపిన ఫారెక్స్ కార్డు తీసుకోండి. మెషిన్ "రూపాయల్లో కడతారా, పౌండ్లలోనా?" అని అడిగితే ఎప్పుడూ పౌండ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. నేను ఒకసారి తెలిసి తెలిసీ కంగారులో రూపాయలు నొక్కాను. ఆ బిల్లు చూసినప్పుడల్లా ఇప్పటికీ ఉక్రోషం వస్తుంది.

స్కాట్లాండ్‌లో మూడు బ్యాంకులు సొంత నోట్లు అచ్చువేస్తాయి. అవీ పౌండ్లే, విలువా అదే. కానీ ఇంటికి తెస్తే మార్చేవాళ్లు దొరకడం కష్టం, లండన్ దుకాణాల్లో కూడా ఒక్కోసారి తటపటాయిస్తారు. అక్కడి ఏటీఎంలో డబ్బు తీసినా, చిల్లరగా వచ్చినా ముందు ఆ నోట్లే ఖర్చుపెట్టండి. ఆఖరి రోజు ఇంకా మిగిలితే బస్టాండుకి దిగబెట్టడానికి వచ్చిన స్నేహితురాలి కోటు జేబులో పెట్టేయండి. అప్పుడైతే వద్దనడానికి ఆమెకు టైముండదు.