నిన్నటి సంగతి అడుగు

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. ఉద్యోగరీత్యా చేరిన మహానగరంలో ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లతో మాట్లాడి, వాళ్ల జీవితాలను వాళ్ల మాటల్లోనే రాయాలనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషం. ముప్ఫై ఏళ్లు పత్రికల్లో ఆ పనే చేసినవాణ్ణి కాబట్టి, నువ్వు అడిగావు కాబట్టి, నాకు తెలిసింది చెబుతాను.

నువ్వు పంపిన ప్రశ్నలు ఇరవై రెండూ చదివాను. వాటిలో మొదటిది, "ఈ నగర జీవితం గురించి మీ అభిప్రాయం ఏమిటి?" అన్నది, ముందు కొట్టెయ్యి. ఆ ప్రశ్నకు ఎవరైనా ట్రాఫిక్ పెరిగిందనీ, అద్దెలు మండిపోతున్నాయనీ, పూర్వపు మనుషులు ఇప్పుడు లేరనీ చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు గానీ, ఆ మాటలు చెప్పినవాడి సొంతం కావు. ఎవరిని అడిగినా అవే వస్తాయి. అభిప్రాయం అడిగితే మనిషి సభలో నిలబడినట్టు మాట్లాడతాడు. నిన్న ఏం జరిగిందని అడిగితే తన ఇంట్లో కూర్చున్నట్టు మాట్లాడతాడు.

ఈ తేడా నాకు ఒక పాత ఆఫీసు భవనంలోని లిఫ్ట్ ఆపరేటర్ దగ్గర తెలిసింది. నగరం ఎలా మారిందని అడిగితే ఆయన "ఏముంది సార్, ఇరుకైపోయింది" అని ఊరుకున్నాడు. ఇక లేచిపోదామనుకుంటూ, ఊరికే మాటవరసకు, నిన్న పొద్దున అందరికంటే ముందు లిఫ్ట్ ఎక్కిందెవరని అడిగాను. అంతే, గంటన్నర కదలలేదు. చెయ్యి జారకుండా గుడ్డపీలిక చుట్టిన ఇత్తడి పిడిని పట్టుకునే, ఎవరు ఏ వేళకు వస్తారో, ఎవరు అద్దంలో ముఖం చూసుకుని పై అధికారి దగ్గరికి వెళతారో చెప్పుకొచ్చాడు. పొద్దున పదకొండింటికి చేతిలో అట్టపెట్టెతో కిందికి దిగేవాడికి ఉద్యోగం పోయిందని తనకు తెలుసనీ, అటువంటప్పుడు మధ్యలో ఎవరు పిలిచినా ఆపకుండా నేరుగా కిందికి తీసుకుపోతాననీ అన్నాడు. రోజుకు ఎన్నోసార్లు పన్నెండో అంతస్తుకు వెళ్లినా, అక్కడి కిటికీలోంచి ఊరు ఎలా కనబడుతుందో తాను ఒక్కసారైనా చూడలేదని చివర్లో చెప్పాడు. నేను రాయాలనుకున్న నగరమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మన ప్రశ్న మన బతుకులోంచి పుడుతుంది, ఎదుటివారి బతుకులోంచి కాదు. చిక్కంతా అక్కడే ఉంది. 1849-50 ప్రాంతాల్లో హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత లండన్ వీధుల్లో చిల్లర వ్యాపారాలు చేసుకునే పేదలను కలిసి, వాళ్లు చెప్పింది చెప్పినట్టుగా రాశాడు. ఆకుకూర కట్టలమ్ముకునే ఎనిమిదేళ్ల పిల్లను కలిసినప్పుడు, చిన్నపిల్లే కదా అని బొమ్మల గురించి, ఆటల గురించి అడిగాడు. ఆ పిల్ల తెల్లబోయి చూసింది. పార్కులకు వెళతావా అంటే, పార్కులంటే ఎక్కడుంటాయని ఎదురడిగింది. తన ప్రశ్నలే తప్పని గ్రహించి బేరం గురించి, చలి గురించి అడిగినప్పుడు మాత్రం ఆ పిల్ల పెద్దమనిషిలా లెక్కలన్నీ చెప్పింది. తాను తెలివితక్కువగా అడిగిన ప్రశ్నలను కూడా దాచకుండా అచ్చువేశాడే, అందుకు నాకు అతనంటే గౌరవం.

"ఆసక్తికరమైన మనుషులు ఎక్కడ దొరుకుతారు?" అని అడిగావు. వింత మనుషుల కోసం వెతకకు. ఊరంతా నిద్రపోతున్నప్పుడు మేలుకుని ఉండేవాళ్లను, నలుగురూ ముఖం కూడా చూడకుండా దాటిపోయేవాళ్లను చూసుకో: తొలి బస్సు నడిపేవాడు, రాత్రి కాపలావాడు, తాళాలు బాగుచేసేవాడు. పని వేళ వెళ్లి అడ్డుపడకు. మొదటి రోజు పుస్తకం బయటికి తీయకుండా పరిచయం మాత్రమే చేసుకో. అసలు మాట రెండోసారి వెళ్లినప్పుడే వస్తుంది, ఎందుకంటే మళ్లీ వస్తారని వాళ్లెవరూ అనుకోరు.

ఎదుటివారు ఆగినప్పుడు నువ్వూ ఆగు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మరో ప్రశ్న అందుకోవడం కొత్తవాళ్లందరూ చేసే తప్పు. నేనైతే పదేళ్లు చేశాను. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకో. చాలాసార్లు ఏడో అంకె దగ్గరే వాళ్లు మళ్లీ మొదలుపెడతారు, అప్పుడు చెప్పేది అంతకుముందు చెప్పినదానికంటే లోతుగా ఉంటుంది.

యంత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. అనుమతి అడిగి రికార్డు చెయ్యి, అయినా ముఖ్యమైన మాటలు కాగితం మీద కూడా రాసుకో. షికాగోలో జీవితమంతా ఇటువంటి సంభాషణలే చేసిన స్టడ్స్ టెర్కెల్ అంతటివాడే తనకు టేప్ రికార్డర్ సరిగా చేతకాదని ఒప్పుకున్నాడు, కొన్ని రికార్డింగులు పోగొట్టుకున్నాడు కూడా. గంటసేపటి మాటను విని రాతలో పెట్టడానికి నాకు ఐదారు గంటలు పట్టేది. ఆ పని ఇంకొకరికి అప్పగించకు. ఎక్కడ గొంతు తగ్గిందో రాసేవాడి చెవికే తెలియాలి. యాసను దిద్దకు.

ఇక నేను చేసిన తప్పు ఒకటి ఉంది, దాన్ని మాత్రం నువ్వు చేయకూడదు. ఇళ్లలో పనిచేసే ఒకామె తన యజమాని గురించి చెప్పిన సంగతిని పేరు మార్చి అచ్చువేశాను. పేరైతే మార్చాను గానీ ఆమె చేతి మీది కాలిన మచ్చ, ఆ ఇంటి ముందు పచ్చగేటు అలాగే ఉంచాను. వర్ణన బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. వారం తిరగకుండా ఆమె పని పోయింది. నేను వెతుక్కుంటూ వెళితే ఆమె నన్ను తిట్టలేదు. తలుపు సగం మాత్రమే తీసి, "చదివి వినిపించి ఉంటే ఆ గేటు మాట తీసెయ్యమనేదాన్ని బాబూ" అంది. అప్పటినుంచి రాసినదాన్ని చెప్పినవారికి చదివి వినిపించకుండా ఏదీ బయటపెట్టలేదు. వద్దన్నది తీసేశాను, అది ఎంత గొప్ప వాక్యమైనా సరే.

నీ పట్టికలో పదిహేడో ప్రశ్న, "ఇంటికి వెళ్లే చివరి బస్సు తప్పిపోతే ఏం చేస్తారు?" అన్నది, నాకు చాలా నచ్చింది. దాన్ని మొదటికి తెచ్చుకో. తొలి సంభాషణ పూర్తయ్యాక, సరిదిద్దకుండా, ఉన్నదున్నట్టుగా నాకు పంపు.

ఇట్లు,
పెదనాన్న