ల్యూక్ స్కైవాకర్ రాగానే అభిమానులు ఎందుకంత ఉద్వేగపడ్డారు?

2020 డిసెంబరు 18న వచ్చిన ‘స్టార్ వార్స్’ సిరీస్ ‘ది మాండలోరియన్’ రెండో సీజన్ చివరి భాగంలో, పాత స్టార్ వార్స్ సినిమాల హీరో ల్యూక్ ముఖం ఆఖరిదాకా చూపరు. ముందు ఒంటరి ఎక్స్-వింగ్ అంతరిక్ష నౌక, తర్వాత తల మీద ముసుగు, నల్లని చేతితొడుగు. నిఘా తెరలు నలుపు తెలుపువి కావడంతో కాంతిఖడ్గం రంగూ తెలియదు. అది ఆకుపచ్చ అని తేలేసరికి, 1983 సినిమా ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లో ఆకుపచ్చ ఖడ్గం పట్టిన ల్యూకే వచ్చాడని అభిమానికి ఖాయమైపోతుంది. భీమవరం థియేటర్లో హీరో చెయ్యి కనబడితేనే కాగితాలు ఎగరేసే మాకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అమలాపురంలో ఫోనులో చూస్తూ నేను అరిచిన అరుపుకి అమ్మమ్మ కంగారుపడి లేచింది! స్క్రిప్టులో ల్యూక్‌కు బదులు ప్లో కూన్ అనే మరో పాత్ర పేరు రాసి రహస్యం కాపాడారు. కంప్యూటర్‌తో యువకుడిగా మార్చిన ల్యూక్ పాత్రధారి మార్క్ హామిల్ ముఖం మాత్రం నాకు కాస్త బిగుసుకుపోయినట్టే అనిపించింది.