మొదటిసారి కూరగాయల సాగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇంటి పక్కన మూడు సెంట్ల ఖాళీ ప్లాటు ఉంది. ఇల్లు కట్టుకునేదాకా కూరగాయలు వేసుకోండని యజమాని చెప్పారు. మాకు సేద్యం బొత్తిగా కొత్త. ట్రాక్టరుతో దున్నించి మూడు సెంట్లూ ఒకేసారి వేద్దామనుకుంటున్నాం. సరేనా? - ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ట్రాక్టరును అప్పుడే పిలవకండమ్మా. ముందు ప్లాటంతా ఒకసారి తిరిగి తుంగ (భూమిలో గడ్డలతో పెరిగే కలుపు గడ్డి) ఉందేమో చూడండి. తుంగ ఉన్న నేలలో రోటవేటరు తిప్పితే గడ్డలు విడిపోయి అన్ని మూలలకూ చేరతాయి. నెల తిరిగేసరికి మూడు సెంట్లూ తుంగే. తుంగను గడ్డపారతో లోతుగా తవ్వి, గడ్డతో సహా ఏరి పారేయాలి. పైపైన కోస్తే మళ్ళీ లేస్తుంది.

ఇక నీళ్ళు. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. మన ఎండలకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఖర్చవుతుందనుకున్నా సెంటుకు 200 లీటర్లు కావాలి, అంటే 15 లీటర్ల బిందెతో పదమూడు బిందెల పైమాటే. మూడు సెంట్లకు ఎన్ని మోయాలో మీరే లెక్క వేసుకోండి. కొత్తవాళ్ళు తోట వదిలేసేది ఎక్కువగా ఇక్కడే, పురుగు వల్ల కాదు. అందుకే మొదటి ఏడాది ఒక్క సెంటుతో సరిపెట్టుకోండి. మిగిలిన రెండింట్లో పచ్చిరొట్ట ఎరువుగా జనుము చల్లి, పూతకొచ్చే ముందు కోసి మట్టిలో కలిపేయండి. ఈలోగా యజమాని ఎన్నాళ్ళు ఇస్తారో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. ఏడాదికి మించి హామీ లేకపోతే మునగ, కరివేపాకు జోలికి పోవద్దు.

ఊళ్ళోని ప్లాటు కాబట్టి ఇంకో చిక్కు ఉంటుంది. పక్క ఇళ్ళు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు మట్టిలో కలిసి ఉంటాయి. నాలుగు చోట్ల అడుగు లోతు తవ్వి, గుప్పెడు మట్టి మీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టు. అలాంటి చోట లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి, ఇనుము అందక. ఆ పెళ్ళలు ఏరేసి, అక్కడ పై అర అడుగు మట్టి మార్చడం మేలు. భూసార పరీక్ష కూడా చేయించండి. ఆరేడు చోట్ల ఆరు అంగుళాల లోతున మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అర కిలో ఇస్తే చాలు. ఎక్కడ ఇవ్వాలో రైతు సేవా కేంద్రంలో అడగండి.

మడులు ఇలా వేసుకోండి. సెంటు సుమారుగా 21 అడుగులకు 21 అడుగులు. మూడున్నర అడుగుల వెడల్పున నాలుగు మడులు, వాటి మధ్య అడుగున్నర దారులు, ఒక అంచున రెండడుగుల కాలువ. మడి ఇంతకన్నా వెడల్పు చేస్తే చెయ్యి అందక మడిలో అడుగు పెడతారు, తొక్కిన ఎర్రమట్టి ఎండితే మళ్ళీ పార దిగదు. తవ్వే ముందు నేల తడిపి రెండు రోజులు ఆగండి. పిడికిట్లో నొక్కిన ముద్ద వేలితో తాకగానే పొడిగా విడిపోవాలి. చేతికి అంటుకుంటుంటే ఇంకా పదును రాలేదు.

మొదటి మడిలో తోటకూర, మెంతి. మడిని మూడు భాగాలు చేసి పది రోజులకొక భాగం చల్లుకుంటూ పోవాలి. రెండో మడిలో బెండ, రెండడుగుల ఎడంగా రెండు వరుసలు, మొక్కకూ మొక్కకూ అడుగు: నలభై మొక్కలు, నలుగురున్న ఇంటికి ధారాళం. మూడోది మటిక్కాయలకు (గోరుచిక్కుడు). నాలుగో దాంట్లో పది వంగ మొక్కలు, మిగిలిన జాగాలో మిరప. టమాటా మొదటి పంటగా వద్దంటాం. తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్ పట్టిందంటే పీకేయడం తప్ప దారి లేదు, పైగా కర్రలు పాతడం, కట్టడం అదనపు పని. రెండో ఏడు చూసుకోండి.

ప్రశ్న: మడికి దండిగా పేడ వేశాం. అయినా వంగ, మిరప మొక్కలు ఒక్కొక్కటిగా వాడిపోతున్నాయి. పీకి చూస్తే వేర్లు లేవు, మట్టిలో ఒళ్ళు ముడుచుకున్న తెల్లటి లావు పురుగులు ఉన్నాయి. - చిత్తూరు

జవాబు: అది వేరుపురుగు. మీరు వేసింది పచ్చి పేడ అయ్యుంటుంది. సగం మాగిన దిబ్బలో పెంకు పురుగులు గుడ్లు పెడతాయి, పిల్ల పురుగులు ఎరువుతోపాటే మడిలోకి వస్తాయి. చెద చేరడానికీ అదే కారణం. మాగిన ఎరువును ముక్కు దగ్గర పెట్టుకుంటే పేడ వాసన రాదు, తొలకరి మట్టి వాసన వస్తుంది. గుప్పిట్లో వేడి ఉండదు, గడ్డి పోచలు గుర్తుపట్టలేనంతగా చివికి ఉంటాయి.

ఇప్పుడు చేయాల్సింది: వాడిన ప్రతి మొక్క చుట్టూ జానెడు లోతు తవ్వి పురుగులను చేత్తో ఏరేయండి. కోళ్ళుంటే వదలండి, మీకన్నా నయంగా ఏరతాయి. ఆ తర్వాత సెంటుకు 2 కిలోల వేపపిండి మట్టిలో కలపండి. వచ్చే పంటకు సెంటుకు 100 కిలోల మాగిన ఎరువు చాలు, సిమెంటు సంచితో నాలుగు సంచుల దాకా వస్తుంది. వీలైతే 90 కిలోల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (కుళ్ళు తెగుళ్ళను అణిచే మేలు శిలీంధ్రం) పొడి కలిపి, నీడలో కుప్ప పోసి, తడి గోనె కప్పి పది రోజులు ఉంచి వాడండి. ఎండుకుళ్ళు, నారుకుళ్ళు చాలావరకు తగ్గుతాయి.

ప్రశ్న: ఏ నెలలో ఏం వేయాలో చెప్పండి. ఇంటర్నెట్‌లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. - తిరుపతి రూరల్

జవాబు: వాళ్ళు చెప్పేది తప్పని కాదు, వాళ్ళ ఊరి వానలు వేరు. మన దగ్గర లెక్క మార్చేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ అల్పపీడనం ఎప్పుడు ముంచుతుందో తెలియదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులు కావడం అందరికీ గుర్తే.

జూన్ నెలాఖరు నుంచి ఆడికృత్తిక (జూలై-ఆగస్టు) అటూ ఇటూగా బెండ, మటిక్కాయ, బీర, కాకర గింజలు వేయండి, వంగ, మిరప నారు నాటండి. బెండ నలభై అయిదో రోజుకు కాపుకొస్తుంది, ఆ తర్వాత రోజు విడిచి రోజు కోయాల్సిందే, ముదిరిన కాయ చెట్టు మీద ఉంటే కొత్త కాయలు తగ్గుతాయి. తిరుమల బ్రహ్మోత్సవాలు (సెప్టెంబరు-అక్టోబరు) ముగిసేలోగా మడులు అర అడుగు ఎత్తు చేసి, కాలువ శుభ్రం చేసి ఉంచాలి. వంగకు మూడు రోజులు మొదట్లో నీళ్ళు నిలిస్తే వేర్లకు గాలి ఆడదు, నీళ్ళల్లో ఉండీ వాడిపోతుంది. నవంబరులో ఆకుకూర విత్తనం చల్లకండి, ఒక్క జడివానకు కొట్టుకుపోతుంది.

వానలు వెనకపట్టాక, డిసెంబరు మూడో వారం నుంచి అసలు సుఖమైన కాలం. ముల్లంగి, పాలకూర, మెంతి, కొత్తిమీర ఏది వేసినా వస్తుంది. సంక్రాంతి దాటాక ఎత్తుమడులు పనికిరావు, త్వరగా ఆరిపోతాయి. మడిని దారికన్నా రెండంగుళాలు పల్లంగా మార్చి, చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు రెండంగుళాల మందాన పరచండి. మే నెలలో గంగజాతర నాటి ఎండల్లో షేడ్ నెట్ కింద తోటకూర, గోంగూర తప్ప కొత్తగా ఏమీ పెట్టకండి. 

ప్రశ్న: తోటకూర, కొత్తిమీర రెండుసార్లు చల్లాం, మొలవలేదు. విత్తనం చెడ్డదా? - పుత్తూరు

జవాబు: విత్తనం కన్నా లోతును అనుమానించండి. తోటకూర గింజకు పావు అంగుళం మించి మట్టి కప్పకూడదు. ఎర్రమట్టి నీళ్ళు పోశాక ఎండి పైన పెళుసుగా పొర కడుతుంది, లేత మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. మట్టికి బదులు జల్లించిన ఎరువు పల్చగా చల్లి, మొలిచేదాకా తడి గోనెపట్టా కప్పండి, మొలక కనిపించగానే తీసేయండి. తోటకూర సెంటుకు 10 గ్రాములు, పదింతల ఇసుకలో కలిపి చల్లాలి. ధనియాలను రెండు బద్దలుగా నలిపి వేయాలి. చీమలు మోసుకుపోకుండా గట్టు చుట్టూ బూడిద.

ప్రశ్న: బెండ ఆకుల్లో ఈనెలు పసుపు రంగుకు తిరిగాయి, కాయలు కూడా తెల్లబడ్డాయి. ఏ ఎరువు వేయాలి? - శ్రీకాళహస్తి

జవాబు: ఎరువుతో పోయేది కాదు, పల్లాకు తెగులు. వైరస్‌ను తెల్లదోమ మోస్తుంది. పట్టిన మొక్కలను పీకి దూరంగా పడేయండి, మిగిలినవాటిని కాపాడుకోవచ్చు. ఆకు అడుగున దోమ ఉంటే 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మి.లీ., కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు తడిచేలా కొట్టండి, వారానికోసారి. పసుపు జిగురు అట్టలు మొక్క తలకు సమానంగా కట్టండి. ఈసారి అర్క అనామిక లాంటి తట్టుకునే రకం చూడండి. ఎండాకాలంలో బెండ వేస్తే ఈ బాధ ఎక్కువ.

ప్రశ్న: ఫిబ్రవరిలో అనప గింజలు వేశాం. తీగలు పందిరంతా కమ్మేశాయి, జూన్ వచ్చినా ఒక్క పువ్వు లేదు. - పలమనేరు

జవాబు: చెట్టుకు జబ్బేమీ లేదు, మీరు వేసిన కాలమే అది పూసేది కాదు. (వేరే జిల్లాల పాఠకులకు: ఇది పితికిపప్పు తీసే అనప, సొర కాదు.) నాటు అనప పగలు పొట్టిగా మారితేనే పూస్తుంది. అందుకే మన పెద్దలు చెనిక్కాయ చేలో సాలుగా దీన్ని వానాకాలంలో వేసి, సంక్రాంతి నెలలో కాయ కోసేవారు. పీకేయకండి. తీగల కొసలు తుంచి, యూరియా ఆపేయండి, చలికాలం వైపు పూస్తుంది. అప్పుడు పేనుబంక పట్టకుండా కొసలు చూస్తుండండి. కాలంతో పని లేకుండా కావాలంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి హెబ్బాళ అవరె-4 రకం పొదగా పెరిగి ఏ కాలంలోనైనా పూస్తుంది. పలమనేరుకు బెంగళూరు ఎంత దూరమని.

ప్రశ్న: కొండ పక్క కాలనీ. కోతులు ఏదీ మిగల్చడం లేదు. - తిరుపతి

జవాబు: పూర్తిగా ఆపే ఉపాయం లేదు. కాకర, మిరప, పుదీనా జోలికి తక్కువగా వస్తాయి, వాటితో మొదలుపెట్టండి. మిగతావి కావాలంటే పైన కూడా మూసిన ఇనుప జాలి పందిరి ఒక్క మడికైనా వేయించుకోవాలి. నైలాన్ వల చింపేస్తాయి.